కవలీర్ ఆటకు మార్కులు వేసినవారికి బహిరంగ లేఖ

తెలుగు పత్రికల, టీవీ ఛానళ్ళ స్పోర్ట్స్ డెస్కుల పెద్దలకు, యూట్యూబ్‌లో ఫుట్‌బాల్ విశ్లేషణ చేసే మిత్రులకు,

నమస్కారం. నేను హైదరాబాద్ శివార్లలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పేవాణ్ణి. క్రికెట్ తప్ప మరొకటి పట్టని రోజుల్లో కూడా మీలో కొందరు ఫుట్‌బాల్‌కి నాలుగు లైన్ల చోటు ఇస్తూ వచ్చారు. అది నేను మర్చిపోను.

2025 మార్చిలో కాన్కకాఫ్ ఛాంపియన్స్ కప్ (ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ క్లబ్బుల పోటీ) రౌండ్ ఆఫ్ 16లో, అంటే 16 జట్లు మిగిలిన దశలో, మెస్సి ఆడే అమెరికా క్లబ్బు ఇంటర్ మయామి, జమైకా క్లబ్బు కవలీర్ తలపడ్డాయి. రెండు మ్యాచ్‌లూ మయామి 2-0తో గెలిచింది. దాని మీద తెలుగులో నేను చదివిన వార్తలూ, చూసిన వీడియోలూ దాదాపు ఒకేలా ఉన్నాయి. మెస్సి వచ్చాడు, గోల్ కొట్టాడు, జమైకా జట్టు చిత్తయింది, అంతే. ఒక వీడియోలో అయితే అలాంటి జట్లను అసలు ఈ టోర్నీలోకి రానివ్వడమే తప్పని తేల్చేశారు. ఇది సరైన అంచనా కాదని ఒక పత్రిక డెస్కుకి ఉత్తరం రాశాను. ఒక ఛానల్‌కి మెయిల్ పెట్టాను. జవాబు రాలేదు. డిసెంబర్‌లో మరో జమైకా క్లబ్బు కరీబియన్ కప్ గెలిచినప్పుడు మళ్ళీ రాశాను. అప్పుడూ అంతే. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను.

నేను జమైకా వెళ్ళినవాణ్ణి కాదు, అక్కడ నాకు చుట్టాలూ లేరు. కవలీర్ గొప్పగా ఆడిందని మిమ్మల్ని ఒప్పించాలనీ లేదు. ఆ క్లబ్బులో లోపాలున్నాయి, వాటినీ కిందే రాస్తాను. ఒక చిన్న దేశపు క్లబ్బు అంతర్జాతీయ పోటీలో ఎలా ఆడిందో చెప్పడానికి ఏ లెక్క చూడాలి అన్నదే నా గొడవంతా.

1. ముందు ఆ రెండు మ్యాచ్‌లలో ఏం జరిగిందో చూద్దాం.

మార్చి 6న మయామి సొంత గడ్డ ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఫస్ట్ లెగ్, అంటే రెండు మ్యాచ్‌ల జోడీలో మొదటిది. మెస్సి ఆ రోజు ఆడలేదు. హాఫ్ టైమ్‌కి స్కోరు 0-0. 61వ నిమిషంలో టాడియో అయెండే మొదటి గోల్ కొట్టాడు. 83వ నిమిషంలో లూయిస్ సువారెజ్ పెనాల్టీతో రెండోది వచ్చింది. వారం తర్వాత, మార్చి 13న, కింగ్‌స్టన్ నేషనల్ స్టేడియంలో సెకండ్ లెగ్. 37వ నిమిషంలో మళ్ళీ పెనాల్టీ, మళ్ళీ సువారెజ్. మెస్సి 53వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. ఆట ఇంజ్యూరీ టైమ్‌లోకి వెళ్ళాక గోల్ కొట్టాడు.

అంటే నాలుగు గోల్స్‌లో రెండు పెనాల్టీలు. ఒకటి అంతా అయిపోయాక చివర్లో వచ్చింది. పెనాల్టీ ఇచ్చుకోవడం కూడా డిఫెండర్ల తప్పే, కాదనను. కానీ రెండు లెగ్‌లూ కలిపి సుమారు 180 నిమిషాల ఆటలో ఆ చివరి గోల్ దాకా ఇంటర్ మయామి పెనాల్టీ కాకుండా ఆట సాగుతుండగా కొట్టినది ఒక్కటే గోల్. మెస్సికి అమెరికా లీగ్ ఎంఎల్ఎస్‌లో ఏడాదికి వచ్చేది 2 కోట్ల డాలర్ల పైమాటే. ఈ రెండు విషయాలూ పక్కపక్కన పెట్టిన వార్త నాకు తెలుగులో ఒక్కటీ దొరకలేదు.

అదే టోర్నీలో తర్వాత ఏం జరిగిందో కూడా చూడండి. సెమీస్‌లో కెనడా క్లబ్బు వాంకూవర్ వైట్‌క్యాప్స్ చేతిలో ఇంటర్ మయామి మొదట 2-0తో, తర్వాత 3-1తో ఓడింది. రెండూ కలిపి (అగ్రిగేట్) 5-1. కవలీర్ మయామి చేతిలో ఎంత తేడాతో ఓడిందో, మయామి వాంకూవర్ చేతిలో సరిగ్గా అంతే తేడాతో ఓడింది. ఆ వాంకూవర్ జూన్ 1న ఫైనల్లో మెక్సికో క్లబ్బు క్రూజ్ అజుల్ చేతిలో ఒక్క మ్యాచ్‌లోనే 5-0తో ఓడింది. మయామిని గానీ వాంకూవర్‌ని గానీ ఈ టోర్నీలోకి ఎందుకు రానిచ్చారని ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న కింగ్‌స్టన్ క్లబ్బుకే ఎందుకు వచ్చింది?

2. కవలీర్ అక్కడిదాకా ఎలా వచ్చింది?

చాలామంది ఇదేదో ఆహ్వానం మీద ఆడిన ఎగ్జిబిషన్ మ్యాచ్ అనుకున్నారు. అలాంటిదేం లేదు. 2023 నుంచి కాన్కకాఫ్ కరీబియన్ కప్ అని ఒక పోటీ నడుస్తోంది. పది క్లబ్బులు, ఐదేసి జట్ల రెండు గ్రూపులు, తర్వాత రెండు లెగ్‌ల సెమీస్, ఫైనల్. మొదటి మూడు స్థానాల్లో వచ్చినవాళ్ళకే ఛాంపియన్స్ కప్‌లో చోటు. గెలిచిన క్లబ్బు నేరుగా రౌండ్ ఆఫ్ 16కి వెళ్తుంది.

2023లో కవలీర్ ఫైనల్ దాకా వెళ్ళి సూరినాం క్లబ్బు రాబిన్‌హుడ్ చేతిలో ఓడింది. 2024లో కప్పు గెలిచింది. 2025లో కప్పు గెలిచింది కూడా జమైకా క్లబ్బే, మౌంట్ ప్లెజెంట్. పోటీ పుట్టినప్పటి నుంచి మూడుసార్లూ ఫైనల్లో ఒక జమైకా క్లబ్బు ఉంది, అందులో రెండుసార్లు గెలిచింది. ఆ దేశ జనాభా 28 లక్షల చిల్లర. మన జంటనగరాల్లో మూడో వంతు కూడా ఉండదు. 2025 అక్టోబర్ చివర్లో మెలిస్సా తుఫాను ఆ ద్వీపం పడమటి భాగాన్ని తుడిచిపెట్టింది. ఆ ఏడాదే ఈ కప్పు కూడా వచ్చింది.

స్వదేశంలో కూడా కవలీర్ ఏదో గాలివాటంగా ఎగిరిన జట్టు కాదు. 14 జట్లుండే జమైకా ప్రీమియర్ లీగ్‌ని 2021లో గెలిచింది. 2023-24, 2024-25 సీజన్లలో వరసగా గెలిచింది. కోచ్ రుడాల్ఫ్ స్పీడ్ కుర్రాళ్ళను పెట్టి ఆడించే మనిషి. ఈ క్లబ్బు నుంచి వెళ్ళిన కహీమ్ పారిస్ స్లొవేనియాలో ఆడి అక్కణ్ణుంచి డైనమో కీవ్ దాకా వెళ్ళాడు.

3. ఇక లోపాలు. వీటి గురించి మీరెవరూ రాయలేదు, అదీ నాకు బాధే. ఊరికే చిత్తయింది అంటే విమర్శ అయిపోదు.

కవలీర్ ఛాంపియన్స్ కప్‌లో ఎంఎల్ఎస్ జట్లతో మొత్తం నాలుగు మ్యాచ్‌లు ఆడింది. 2024లో సిన్సినాటితో ఇంట్లో 0-2, బయట 0-4. 2025లో మయామితో బయట 0-2, ఇంట్లో 0-2. నాలుగు మ్యాచ్‌లు, ఇచ్చిన గోల్స్ పది, కొట్టినవి సున్నా. డిఫెన్స్ గట్టిపడిందని సంతోషించొచ్చు గానీ గోల్ కొట్టకుండా నాకౌట్‌లో ముందుకు వెళ్ళే దారి లేదు. ఇది చిన్న లోపం కాదు. సొంత దేశంలో లీగ్ గెలిపించే ఫార్వర్డ్‌లు ఈ స్థాయి డిఫెండర్ల ముందు బంతి కాళ్ళ దగ్గర నిలుపుకోలేకపోతే, ఆ లీగ్‌లో వారం వారం జరిగే పోటీ చాలడం లేదనే అర్థం.

దీన్ని జమైకా క్లబ్బుల పాత ఫలితాల పక్కన పెట్టి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. 2008లో హార్బర్ వ్యూ అమెరికా క్లబ్బు డీసీ యునైటెడ్‌ని ఇంట్లో 1-1తో ఆపింది. వాషింగ్టన్ వెళ్ళాక 5-0తో కూలింది. 2020లో పోర్ట్‌మోర్ యునైటెడ్ క్రూజ్ అజుల్ చేతిలో ఇంట్లో 2-1తోనే ఓడింది. మెక్సికోలో 4-0. 2024లో కవలీర్ ఇంట్లో రెండు గోల్స్ ఇచ్చింది, సిన్సినాటిలో నాలుగు. ఇంట్లో దగ్గరదగ్గరగా ఆడటం, బయటికి వెళ్ళగానే విరిగిపోవడం. జమైకా క్లబ్బుల పాత జబ్బు ఇదే. 2025లో మాత్రం కవలీర్ ఫోర్ట్ లాడర్‌డేల్‌లో గంటసేపు గోల్ ఇవ్వలేదు. ఆ కట్టడి మెస్సి లేని జట్టు మీద కాబట్టి దానికి కాస్త తగ్గించే మార్కులు వేయండి, నాకు అభ్యంతరం లేదు. కానీ నాలుగుసార్లలో మొదటిసారి బయట విరగలేదన్నది వాస్తవం. ఆ మాట ఒక్క లైన్‌లో చెప్పి ఉంటే వార్తకి ఎంత విలువ పెరిగేది!

ఇంకొక లెక్క. ఈ ఖండపు క్లబ్ కప్పుని కరీబియన్ జట్లు గెలిచిన రోజులున్నాయి. హైతీ నుంచి రేసింగ్ 1963లో, వయోలెట్ 1984లో గెలిచాయి. సూరినాం నుంచి ట్రాన్స్‌వాల్ 1973లో, 1981లో గెలిచింది. ట్రినిడాడ్ నుంచి డిఫెన్స్ ఫోర్స్ 1978లో, 1985లో గెలిచింది. జమైకా క్లబ్బు ఒక్కసారీ గెలవలేదు. హార్బర్ వ్యూ 2004లో, 2007లో, పోర్ట్‌మోర్ 2005లో, 2019లో కరీబియన్ క్లబ్ ఛాంపియన్లయ్యాయి గానీ పైమెట్టు ఎక్కలేకపోయాయి. జమైకా అభిమాని ఎవరైనా మన పొరుగువాళ్ళు చేసింది మనం ఎందుకు చేయలేకపోయాం అని అడిగితే ఆ ప్రశ్నకు న్యాయం ఉంది. ఎంఎల్ఎస్ పుట్టాక, మెక్సికో క్లబ్బులు డబ్బులో ఆకాశానికి వెళ్ళాక ఆ తలుపు ఎలా మూసుకుపోయిందో వివరించడం విశ్లేషకుడి పని.

ఆ పని మీకు రాదని కాదు. 2025 జులైలో అదే కింగ్‌స్టన్‌లో, సబీనా పార్క్‌లో వెస్టిండీస్ ఆస్ట్రేలియా మీద 27 పరుగులకు ఆలౌట్ అయింది. టెస్ట్ చరిత్రలో రెండో అతి తక్కువ స్కోరు. అప్పుడు మీరు స్కోరు రాసి ఊరుకోలేదు. స్టార్క్ స్వింగ్ గురించి రాశారు, పిచ్ గురించి, కరీబియన్ బోర్డు ఖజానా గురించి, టీ20 లీగ్‌లకు వెళ్ళిపోతున్న కుర్రాళ్ళ గురించి రాశారు. బోర్డు లారా, రిచర్డ్స్, లాయిడ్‌లను పిలిచి అత్యవసరంగా సమావేశం పెట్టిన సంగతీ రాశారు. ఒకే ఊరు, ఒకే ఏడాది, ఒకే పేదరికం. క్రికెట్ ఓటమికి కారణాలు వెతికారు, ఫుట్‌బాల్ ఓటమికి ఫోటో వేశారు.

4. ఈ తేలిక మాటల వల్ల ఎవరికి నష్టం?

ముందు జమైకాలో మామూలు మనుషుల సంగతి. కవలీర్ లీగ్ మ్యాచ్‌లు ఆడేది నేషనల్ స్టేడియం పక్కనుండే స్టేడియం ఈస్ట్ మైదానంలో. ఖండస్థాయి మ్యాచ్‌కి అది చాలదు కాబట్టి పెద్ద స్టేడియానికి వెళ్ళాలి. దాన్ని అక్కడివాళ్ళు ముద్దుగా 'ఆఫీస్' అంటారు. ఆ రాత్రి ఆఫీసు కిక్కిరిసింది. వచ్చినవాళ్ళలో ఎంతోమంది మెస్సి జెర్సీ వేసుకుని వచ్చారు. మెస్సి వార్మప్‌కి లేచినప్పుడు వచ్చిన కేక సొంత జట్టుకి రాలేదు. సొంత ఊళ్ళో, సొంత దేశపు ఛాంపియన్ క్లబ్బు పరాయి జట్టులా ఆడింది. జనాన్ని తప్పు పట్టలేం, జీవితంలో ఒక్కసారి దొరికే అవకాశం. డిసెంబర్‌లో మెస్సి వచ్చినప్పుడు ఉప్పల్‌లో మనం చేసిందీ అదే.

అక్కడ లీగ్ కన్నా స్కూల్ ఫుట్‌బాల్‌కే క్రేజ్ ఎక్కువ. కింగ్‌స్టన్ వైపు మ్యానింగ్ కప్, గ్రామీణ ప్రాంతాల్లో డకోస్టా కప్ ఫైనల్స్‌కి గ్యాలరీలు నిండుతాయి. ఆ పిల్లలు స్కూలు దాటాక ఆడుకోవాలంటే ఈ క్లబ్బులే గతి. 1998లో జమైకా వరల్డ్ కప్‌కి వెళ్ళినప్పుడు జపాన్ మీద రెండు గోల్స్ కొట్టిన థియోడోర్ విట్‌మోర్ మాంటెగో బేలోని సెబా యునైటెడ్ కుర్రాడు. ఆ ఏడాదే బోల్టన్‌కి వెళ్ళిన రికార్డో గార్డ్‌నర్ హార్బర్ వ్యూ కుర్రాడు. ఒక ఇంటి నుంచి ఒక పిల్లవాడు అలా వెళ్తే ఆ వీధి మొత్తం బతుకు కాస్త మారుతుంది. క్లబ్బు ఖండస్థాయిలో ఆడిన ప్రతి మ్యాచ్‌నీ ఆటగాళ్ళ కోసం వెతికే బయటి స్కౌట్లు చూస్తారు. కాబట్టి ఆ మ్యాచ్‌లో లెఫ్ట్ బ్యాక్ ఎలా ఆడాడు, గోల్‌కీపర్ ఎన్ని ఆపాడు అన్నది ఆ కుర్రాడికి అన్నం పెట్టే విషయం. పంట ఎలా పండిందో చూడకుండా సంతలో పలికిన ధర ఒక్కటే చూసి రైతుని తూచితే ఎలా ఉంటుందో, అగ్రిగేట్ స్కోరుతో ఒక క్లబ్బుని తూచడం అలాగే ఉంది.

జాతీయ జట్టు మీద కూడా దీని ప్రభావం ఉంటుంది. కొన్నేళ్ళుగా జమైకా టీమ్‌లో ఇంగ్లండ్‌లో పుట్టిపెరిగిన ఆటగాళ్ళే ఎక్కువ కనిపిస్తున్నారు. లోకల్ లీగ్‌తో పని కాదన్న నమ్మకం దాని వెనక ఉంది. 2025 నవంబర్ 18న కింగ్‌స్టన్‌లో చిన్న కరీబియన్ ద్వీపం కురసావ్‌ని ఓడించలేక 0-0తో ఆగిపోయి నేరుగా వరల్డ్ కప్‌కి వెళ్ళే అవకాశం పోగొట్టుకున్నారు. కోచ్ స్టీవ్ మెక్‌లారెన్ రాజీనామా చేశాడు. తర్వాత తాత్కాలికంగా పగ్గాలు ఎవరికిచ్చారో తెలుసా? కవలీర్‌ని నడిపిన రుడాల్ఫ్ స్పీడ్‌కి. మనం చిత్తయిందని రాసిన క్లబ్బు కోచ్‌నే ఆ దేశం కష్టకాలంలో పిలిచింది. మరి వాళ్ళు దేన్ని చూసి పిలిచారు?

5. బయటికి వెళ్ళి ఆడటం అంటే విమానం ఎక్కడం ఒక్కటే కాదు.

2022లో హైతీ క్లబ్బు కవాలీ (పేరు దగ్గరగా ఉన్నా కవలీర్ వేరు) ఆటగాళ్ళకు అమెరికా వీసాలు అందక అమెరికా క్లబ్బు న్యూ ఇంగ్లండ్ రెవల్యూషన్‌తో ఆడకుండానే టోర్నీ నుంచి తప్పుకుంది. మరుసటి ఏడాది హైతీకే చెందిన వయోలెట్ అమెరికా క్లబ్బు ఆస్టిన్ ఎఫ్‌సీని 3-0తో ఓడించింది. అదీ సొంత దేశంలో ఆడే పరిస్థితి లేక డొమినికన్ రిపబ్లిక్‌లో ఆడి. ఆస్టిన్‌కి వెళ్ళాల్సి వచ్చినప్పుడు మళ్ళీ వీసాల గొడవే. ఉన్నవాళ్ళతో ఆడి 2-0తో ఓడినా 3-2 అగ్రిగేట్‌తో ముందుకు వెళ్ళింది. కరీబియన్ జట్లను రానివ్వడమే తప్పన్న మిత్రుడు ఆ రెండు మ్యాచ్‌లూ చూసి ఉండడనే అనుకుంటున్నాను.

6. ఇంత దూరపు గోల మనకెందుకు అంటారా? ఇక్కడే నాకు ఎక్కువ టెన్షన్.

మన క్లబ్బులు ఆసియాలో ఎలా ఆడాయో గుర్తు చేసుకుందాం. 2023-24 ఏఎఫ్‌సీ ఛాంపియన్స్ లీగ్‌లో ముంబై సిటీ ఆరుకి ఆరు మ్యాచ్‌లూ ఓడింది. రియాద్‌లో సౌదీ క్లబ్బు అల్ హిలాల్ 6-0తో కొట్టింది. గాయం వల్ల ఆ జట్టు స్టార్ నేమార్ నవీ ముంబైకి రాలేదు, మన వార్తల్లో సగం దాని గురించే. 2025 అక్టోబర్‌లో రొనాల్డో ఆడే సౌదీ క్లబ్బు అల్ నసర్ గోవాకి వచ్చింది, రొనాల్డో రాలేదు. ఎఫ్‌సీ గోవా 2-1తోనే ఓడింది, కానీ మన హెడ్‌లైన్ రొనాల్డో రాకపోవడమే. మోహన్ బగాన్ 2024లో, 2025లో భద్రత కారణాలు చెప్పి మ్యాచ్ ఆడటానికి ఇరాన్‌కే వెళ్ళలేదు. వాళ్ళ భయం వాళ్ళది, నేను తీర్పు చెప్పను. అయితే ఈ వరసతో పోల్చి చూస్తే, లీగ్ గెలిచి, ప్రాంతీయ కప్పు గెలిచి, రౌండ్ ఆఫ్ 16లో రెండు మ్యాచ్‌లూ ఆడి 2-0, 2-0తో ఓడిన కవలీర్‌ని వెక్కిరించే స్థితిలో మనం లేం.

మన ఊరి సంగతి మరీ ఘోరం. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు మనది. ఆ జట్టుని తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం 1962లో భారత్‌కి ఏషియాడ్ బంగారు పతకం తెచ్చిపెట్టాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీ షూటౌట్‌లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపితే హైదరాబాద్ ఎఫ్‌సీ మన దేశపు పెద్ద లీగ్ ఐఎస్ఎల్‌లో ఛాంపియన్ అయింది. అంత గెలిచాక కూడా ఆసియా పోటీల్లో ఒక్క మ్యాచ్ ఆడే అవకాశం రాలేదు. తర్వాత ఆటగాళ్ళకు జీతాలు ఆగాయి, ఫిఫా బదిలీల నిషేధం పడింది, స్టార్లు వెళ్ళిపోయారు. 2025 అక్టోబర్‌లో క్లబ్బే ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

ఇంత జరుగుతుంటే తెలుగులో ఎన్ని విశ్లేషణలు వచ్చాయి? నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఆటోడ్రైవర్ల పిల్లలు, పాలవాళ్ళ పిల్లలు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పిల్లలు ఉన్నారు. వాళ్ళ నాన్నలు నన్ను అడిగేది ఒకటే, "సార్, దీంట్లో మావాడికి భవిష్యత్తు ఉందా?" దానికి నేనేం చెప్పాలి? క్లబ్బు ఎందుకు ఓడుతుంది, ఎందుకు మూతపడుతుంది, చిన్న క్లబ్బు పెద్ద పోటీలో ఎంతదాకా వెళ్ళగలదు అని రాసే అలవాటు మన మీడియాకి ఉంటే ఆ తండ్రి పేపర్ చదివి తనే అంచనా వేసుకునేవాడు. ఇప్పుడు అతనికి తెలిసిందల్లా మెస్సి ఉప్పల్‌కి వచ్చాడని. డిసెంబర్ 13న మీ పేజీలన్నీ మెస్సీవే. నా పిల్లలూ సంబరపడ్డారు, నేనూ టీవీ ముందు నుంచి కదల్లేదు. అప్పటికి ఆ స్టేడియం ఉన్న ఊరికి సొంత ఐఎస్ఎల్ క్లబ్బు లేదు. ఆ సీజన్ లీగ్ మొదలే కాలేదు. ఈ ముక్క ఆ రోజు ఎంతమంది రాశారు?

పరాయి దేశపు చిన్న క్లబ్బుని మనం ఏ కొలతతో చూస్తామో, రేపు మన క్లబ్బుని బయటివాళ్ళు అదే కొలతతో చూస్తే ఒప్పుకోవాల్సిందే.

కాబట్టి మీ ముందు ఈ డిమాండ్లు పెడుతున్నాను. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు.

ఒకటి. చిన్న దేశపు క్లబ్బు అంతర్జాతీయ మ్యాచ్ ఆడితే ఆ వార్తలో ఆ క్లబ్బు ఎలా అర్హత సాధించిందో కనీసం రెండు లైన్లు రాయండి. గోల్ ఏ నిమిషంలో, ఎలా వచ్చిందో రాయండి. ఓడిన జట్టులో కనీసం ముగ్గురి పేర్లు ఉండాలి.

రెండు. మార్కులు వేసేటప్పుడు ఆ దేశపు క్లబ్బుల గత ఫలితాలతో పోల్చండి. ఇంట్లో ఎంత, బయట ఎంత అన్నది విడిగా చూపించండి. మెస్సి జట్టుతో పోల్చి వేసే మార్కులు మార్కులు కావు. క్రికెట్‌కి మీరు వేసే పట్టికలు చూసినవాణ్ణి కాబట్టి ఇది మీకు పది నిమిషాల పని అని నాకు తెలుసు.

మూడు. విమర్శించండి, గట్టిగా విమర్శించండి. నాలుగు మ్యాచ్‌ల్లో గోల్ లేదని రాయండి. కానీ "వీళ్ళు ఇక్కడెందుకు" అనే మాట మానండి. యూట్యూబ్ మిత్రులకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. మీ వీడియోలు పదమూడేళ్ళ పిల్లలు చూస్తున్నారు, గ్రౌండ్‌లో బలహీనంగా ఉన్న తోటివాణ్ణి అదే మాటతో కొడుతున్నారు.

నాలుగు. 2026 మార్చిలో మౌంట్ ప్లెజెంట్ ఛాంపియన్స్ కప్ రౌండ్ ఆఫ్ 16 ఆడబోతోంది. కవలీర్ ఆడిన చోటే, అదే మెట్టు మీద. ఎదురుగా ఏ జట్టు ఉన్నా సరే, మ్యాచ్‌కి ముందు ఒక పరిచయ కథనం వేయండి. ఏ పరిస్థితుల్లో ఏ ఫలితం మెరుగైనట్టు లెక్కో ముందే చెప్పండి. ఉదాహరణకి బయట రెండు గోల్స్ కన్నా తక్కువ ఇస్తే, లేదా రెండు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కొట్టినా అది కవలీర్ కన్నా ఒక అడుగు ముందుకే. మ్యాచ్ అయ్యాక ఆ లెక్కతోనే రాయండి. ఓడితే ఓడిందనే రాయండి.

ఐదు. హైదరాబాద్ క్లబ్బు ఢిల్లీకి ఎందుకు పోయిందో, ఇక్కడి అకాడమీ పిల్లల గతేమైందో వరసగా కథనాలు వేయండి. జమైకా గురించి రాయమన్నవాణ్ణి దీని గురించి అడగకపోతే తప్పవుతుంది.

ఆరు. పాఠకుడు తప్పు చూపిస్తే జవాబివ్వండి. "అందింది" అన్న ఒక్క మాట చాలు.

ఫిబ్రవరి నెలాఖరు దాకా చూస్తాను. ఏ డెస్కు నుంచి ఏ జవాబు వచ్చిందో, ఏది రాలేదో అప్పుడు ఇక్కడే రాస్తాను. మౌంట్ ప్లెజెంట్ మ్యాచ్‌కి కావలసిన పాత స్కోర్లు, తేదీలు అన్నీ నా నోట్‌బుక్‌లో ఉన్నాయి. అడిగినవారికి పంపిస్తాను, పేరు కూడా వేయనక్కర్లేదు.

ఇట్లు,
ఒక ఫుట్‌బాల్ కోచ్,
హైదరాబాద్,
జనవరి 2026